అరచేతిలో రొయ్య

చెన్నై,
నవంబరు మొదటి వారం.

అక్కకు వందనాలు.

చేతిలో ఫోన్ పెట్టుకుని ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావని తెలుసు. నవ్వుకో. ఆఫీసు పనికి తప్ప ఇంక దేనికీ తెర చూడొద్దని కళ్ల డాక్టరు గట్టిగా చెప్పాడు. పొద్దున లేచేసరికి కళ్లలో ఇసుక పోసినట్టు ఉంటోంది. అందుకని ఇంటికి వచ్చాక ఫోన్ బీరువాలో పెట్టేసి కాగితం తీస్తున్నాను. నా చేతిరాత ఇంత అన్యాయంగా తయారైందని ఇప్పుడే తెలిసింది, సర్దుకో.

అసలు విషయం, నాకు నీతో పని పడింది. మా కంపెనీ రొయ్యల రైతుల కోసం ఒక యాప్ చేస్తోంది. గుంట గట్టు మీద నిలబడి ఫోన్‌తో రొయ్యను ఫొటో తీస్తే, దానికి తెల్లమచ్చ జబ్బు ఉందో లేదో అక్కడికక్కడే చెప్పాలి. సిగ్నల్ లేకపోయినా చెప్పాలి, పాత ఫోన్లలోనూ పనిచెయ్యాలి. మా మేనేజరు సుధాకర్ గారు ఈ పని తెచ్చి నా నెత్తిన పెట్టారు. "నువ్వు నెల్లూరు వాడివి కదయ్యా, రొయ్యల గురించి నీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది" అన్నారు. రొయ్యల గురించి నాకు తెలిసిందల్లా నువ్వు చేసే వేపుడు. ఆ మాట ఆయనతో అనలేదు.

మొదట్లో చాలా తెలివిగా చేశాననుకున్నాను. మచ్చ తెల్లగా ఉంటుంది కదా, ఫొటోలో తెల్లటి చుక్కలు వెతికి చెప్పమని ప్రోగ్రాం రాశాను. ఎండకి రొయ్య వీపు మెరిస్తే అదీ మచ్చే అంది. నీటి బుడగనీ మచ్చే అంది. చివరికి ఎవడో ఇడ్లీ ప్లేటు ఫొటో చూపిస్తే, జబ్బు ముదిరిపోయిందని తేల్చింది. ఆఫీసంతా నవ్వారు. నేనూ నవ్వాను గానీ, దాని వెనక పడ్డ కష్టమంతా చెత్తబుట్టలోకి పోయింది.

ఇప్పుడు దారి మార్చాం. బాగున్న రొయ్యల ఫొటోలు ఒక గంప, జబ్బు రొయ్యల ఫొటోలు ఒక గంప పోసి ఇస్తే, రెంటికీ తేడా ఏమిటో యాప్ తనంతట తనే నేర్చుకుంటుంది. అందుకు చాలా ఫొటోలు కావాలి. మీ వైపు ఈ చలికాలంలోనే జబ్బు ఎక్కువ కదా. వీలైనన్ని తీసి ఫోన్లో పంపు. మాటలు మాత్రం కాగితం మీద రాయి. బావని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు
రూఫస్


తోటపల్లి గూడూరు,
నవంబరు చివర.

రూఫస్‌కు అక్క దీవెనలు.

నీ ఉత్తరం తెచ్చిన పోస్టుమాన్ చెంచురామయ్య గడపలోనే నిలబడి, "ఏందమ్మా ఇది, కోర్టు నోటీసా?" అని అడిగాడు. తమ్ముడు రాశాడంటే నమ్మలేదు.

నిజం చెప్పాలంటే నాకు ఉత్తరమే నయం. ఫోన్లో మాట్లాడితే మా అత్త ఎస్తేరమ్మ పక్కగదిలో టీవీ తగ్గించి మరీ వింటుంది. మీ బావ సంగతి నీకు తెలిసిందే. పేరు సమాధానం, అడిగినదానికి సమాధానం మాత్రం రాదు. కాగితమైతే నా ఇష్టం వచ్చినట్టు రాసుకోవచ్చు.

ఫొటోలు పంపుతున్నాను, చూస్తున్నావు కదా. చుట్టుపక్కల గుంటల్లో ఈ చలికి జబ్బు బాగానే తగిలింది. దేవుడి దయవల్ల మా గుంటకి ఇంకా రాలేదు. ఎవరి గుంటలో అనుమానం వచ్చినా నాకే కబురు. నేనేదో డాక్టర్నని కాదు. జబ్బు రొయ్యను పట్టుకున్న చేతికి ఇక పంట అచ్చిరాదని ఇక్కడ అందరికీ పట్టింపు. నా చెయ్యి ఎలాగూ చెడ్డదే కాబట్టి నన్ను పిలుస్తారు.

ఈ చెయ్యి సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. మేము గుంట తవ్వించిన మొదటి ఏడు, పాస్టరుగారు గట్టు మీద ప్రార్థన చేశాక, సీడ్ సంచి విప్పి రొయ్యపిల్లల్ని నీళ్లలోకి వదలమని మా అత్తే నన్ను పిలిచింది. ఆ పంట తెల్లమచ్చతో పోయింది. ఆ ఏడు ఈ కాలువ పొడుగునా అందరి పంటా పోయింది, అయినా నింద నా ఒక్కదాని మీదికి వచ్చింది. "నీ చెయ్యి మంచిది కాదు మే ప్రేమా" అని మా అత్త ఒకసారి అంది. అంతే, ఊరికి ఆ మాట అలవాటైపోయింది. అప్పటినుంచి సీడ్ వదిలే రోజు నేను ఇల్లు దాటకూడదు. కానీ రోజూ పొద్దున్నే చెక్ ట్రేలు పైకి లాగి, రొయ్యలు మేత తిన్నాయా, హుషారుగా ఉన్నాయా అని చూసే పని మాత్రం నాదే. ఆ చలిలో తడవడానికి ఇంకెవరూ ముందుకు రారు మరి. ట్రే తాడుకి నా చెయ్యి తగిలితే ఏమీ కాదట.

ఫొటోలు ఎలా తీస్తున్నానని అడిగావు కాదుగానీ, చెప్తాను. జబ్బు రొయ్యను ఎడమ అరచేతిలో వేసుకుని వెలుతురుకి తిప్పితేనే తల మీద మచ్చలు తెలుస్తాయి. అలా పట్టుకుని కుడిచేత్తో తీస్తాను. బాగున్నవాటిని ట్రేలో ఉండగానే పైనుంచి తీసి వదిలేస్తాను. బాగున్న రొయ్యను చేతిలోకి తీసుకుని చూసే పని ఎవరికుంటుంది? ఇంటికొచ్చి బ్లీచింగ్ నీళ్లలో మోచేతుల దాకా కడుక్కుంటాను. చర్మం పొట్టు లేస్తోంది.

నీ యాప్ తొందరగా రావాలి. జబ్బు వచ్చిందో లేదో ఫోనే చెప్పేస్తే, ఇక ఎవరి చెయ్యి మంచిది, ఎవరిది కాదు అనే గొడవ ఉండదు కదా. నేను దానికోసం ఇంతగా ఎదురుచూస్తున్నానని ఎవరికీ చెప్పలేదు. నీకు చెప్తున్నాను.

అక్క
ప్రేమలీల


చెన్నై,
జనవరి నెలాఖరు.

అక్కా,

యాప్ పనిచేస్తోంది. ఈ ఒక్క మాట రాయడం కోసం క్రిస్మస్‌కి కూడా రాకుండా ఇక్కడే పడి ఉన్నాను, కోప్పడకు.

నువ్వు పంపిన ఫొటోల్లో కొన్నింటిని పక్కన దాచి, మిగిలినవాటితో దానికి నేర్పాను. తర్వాత దాచినవాటిని ఒక్కొక్కటే చూపించి అడిగితే దాదాపు అన్నీ సరిగ్గా చెప్పింది. సుధాకర్ గారు నా భుజం తట్టారు. ఆయన ఎవరి భుజమైనా తట్టడం ఆఫీసు చరిత్రలో ఇదే మొదలు. నాకే ఎక్కడో కొంచెం నమ్మకం కుదరలేదు, ఇంత తేలిగ్గా ఎలా నేర్చుకుందబ్బా అనిపించింది. కానీ అలసిపోయి ఉన్నవాడికి మంచివార్త చెబితే గుచ్చి గుచ్చి అడగడు కదా. ఇంటికెళ్లి పడుకున్నాను.

ఆ తర్వాత దాన్ని చిన్న ఫోన్లో పట్టించడం ఇంకో యాతన. మొదట్లో ఒక ఫొటో చూడటానికే ఫోన్ కాలిపోయేది, పెనం అక్కర్లేకుండా దోసె పోసుకోవచ్చు. ఫొటోని కుదించి, లెక్కల్ని కుదించి, ఎలాగో దారికి తెచ్చాను. ఇప్పుడు పాత ఫోన్ కూడా వెంటనే చెప్పేస్తుంది. బాగుంటే ఆకుపచ్చ గుండ్రం, జబ్బయితే ఎర్ర గుండ్రం. చదువు రానివాళ్లకి కూడా అర్థమవుతుంది.

ఏప్రిల్‌లో నెల్లూరులో రొయ్యల రైతుల సదస్సు ఉంది, అక్కడ విడుదల చేస్తారట. ఈలోగా ట్రయల్ కాపీ నీకూ, మీ పక్క గుంట ఆనందబాబు గారికీ పంపుతున్నాను. కొత్త పంట వేశాక వాడి చూడండి. తప్పు చెబితే మొహమాటపడకుండా రాయి.

అక్కా, ఇది నీ యాప్. నేను కుర్చీలో కూర్చున్నాను, అంతే. ఆ చలిలో నిలబడింది నువ్వు.

రూఫస్


తోటపల్లి గూడూరు,
మార్చి మొదట్లో.

రూఫస్‌కు,

నీ యాప్ బాగా పనిచేస్తోంది. ఆనందబాబన్న రోజూ వాడుతున్నాడు. ట్రే పైకి లాగి ఫొటో తీసిన ప్రతిసారీ ఆకుపచ్చ గుండ్రమే. ఆదివారం ఆరాధన అయ్యాక అందరికీ చూపించి నీ పేరు చెప్పాడు. నాకు సంతోషంగా ఉంది.

నాకీమధ్య బాగా తీరిక దొరికింది. మిషను మీద దుమ్ము దులిపి రెండు జాకెట్లు కుట్టాను. మా అత్త పాత బైబిలుకి కొత్త అట్ట వేశాను. పొద్దున ఎండ మొహాన పడేదాకా పడుకుంటున్నాను కూడా. నడుము నొప్పి చాలా తగ్గింది.

నువ్వు వేళకి తిను. కళ్లలో మందు చుక్కలు మర్చిపోకు. ఇప్పట్లో ఇటు రావాల్సిన పనేమీ లేదు, ఎండలు ముదిరాయి. సదస్సుకి వచ్చినప్పుడు చూద్దాం.

మీ బావ నిన్ను అడిగానని చెప్పమన్నాడు. అంటే చెప్పమనలేదు, నేనే రాస్తున్నాను.

అక్క


చెన్నై,
మార్చి మధ్యలో.

అక్కా,

నీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. జాకెట్లు ఉన్నాయి, బైబిలు అట్ట ఉంది, నా కంటి మందు ఉంది. నీ గుంట గురించి ఒక్క ముక్క లేదు. ఎండెక్కేదాకా పడుకుంటున్నావట. అమ్మ పోయిన మర్నాడు కూడా తెల్లారకముందే లేచి ఇల్లు ఊడ్చినదానివి నువ్వు. పైగా నీ దగ్గర్నుంచి ఫొటోలు రావడం ఆగిపోయింది. ఆనందబాబు గారివి వస్తున్నాయి, నీవి లేవు.

ఫోన్ చేస్తే బావ తీశాడు. "అంతా బాగుండాది" అని పెట్టేశాడు. వెనక టీవీ సౌండు తగ్గడం నాకు వినబడింది.

ఇక్కడ సదస్సు కోసం బ్యానర్లు అచ్చయ్యాయి. దాని మీద ఒక రైతు నవ్వుతూ ఫోన్ పట్టుకుని ఉన్నాడు. ఆయన పళ్లు చూస్తే ఎప్పుడూ గుంట గట్టు ఎక్కిన మనిషిలా లేడు. అందరూ హడావిడిగా ఉన్నారు. నాకు మాత్రం ఏ పనీ చేతికి రావడం లేదు.

ఏం జరిగింది? యాప్ తప్పు చెప్పిందా? నా ఉద్యోగం గురించి ఆలోచించి దాస్తుంటే, అంతకంటే పిచ్చిపని లేదు. రాయి.

రూఫస్


తోటపల్లి గూడూరు,
మార్చి చివర.

రూఫస్,

నీకు చెప్పకూడదనుకున్నాను. నువ్వు కళ్లు పోగొట్టుకుని చేసిన పని బాగుందని అందరూ అంటుంటే, మధ్యలో నా ఏడుపు ఎందుకనిపించింది. ఇక దాచే ఓపిక కూడా లేదు.

యాప్ వచ్చిన కొత్తలో అందరూ మా గట్టు మీద చేరారు. పాస్టరుగారు, ఆనందబాబన్న, మా అత్త, మీ బావ. ఫోన్ నా చేతిలోనే ఉంది. ముందు ట్రేలో ఉన్నవాటిని తీశాను, ఆకుపచ్చగా వచ్చింది. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. నాకు ఒక కోరిక పుట్టింది. నా అరచేతిలో ఉన్న రొయ్యను చూసి ఫోన్ 'బాగుంది' అనాలి, అది మా అత్త కళ్లారా చూడాలి అని. ట్రేలోంచి మంచి హుషారైన రొయ్యను ఏరి, ఎడమ చేతిలో వేసుకుని ఫొటో తీశాను. ఎర్ర గుండ్రం వచ్చింది. ఇంకోటి తీశాను. అదీ ఎరుపే. నా చేతిలోంచి తీసి ట్రేలో వేస్తే అదే రొయ్య ఆకుపచ్చ.

అది చూసి మా అత్త, "నేను ముందే చెప్తే నా నోరు మంచిది కాదన్నారు. ఇప్పుడు ఫోనే చెప్తా ఉండాది గదా. ఇంక నువ్వు గుంట కాడికి రాబాక మే" అంది. మీ బావ కాలువ వైపు చూస్తూ నిలబడ్డాడు. పాస్టరుగారు కూడా ఏమీ అనలేదు. నాకు అందరికంటే ఆయన మౌనమే ఎక్కువ తగిలింది.

అప్పటినుంచి ఇంట్లోనే ఉన్నాను. ట్రేలు మీ బావ చూస్తున్నాడు, అతనికి సగం తెలీదు.

ఇంకోటి కూడా ఉంది. మా మిద్దె మీదనుంచి చూస్తే ఆనందబాబన్న గుంట అంచున కాకులు దిగుతున్నాయి. రొయ్యకి బాగాలేనప్పుడే అది గట్టు వారకి కొట్టుకొస్తుంది, కాకులు ముందు పసిగడతాయి. ఇది ఇక్కడ అందరికీ తెలిసిన సంగతే. మా ఇంటి గోడ దగ్గర నిలబడి ఆయనకి చెప్పాను. "నీకెందుకమ్మా, ఫోన్లో పచ్చగా వస్తా ఉండాదే" అన్నాడు. ఆయన మంచి మనిషే, కసిరినట్టు కూడా అనలేదు.

ఇప్పుడు నేను అడిగేదానికి నువ్వు తమ్ముడిలా కాకుండా, ఆ యాప్ చేసినవాడిలా జవాబు చెప్పు. అది ఊళ్లోవాళ్ల మాట వినలేదు. మా అత్త ఎవరో దానికి తెలీదు. మరి నా చెయ్యే చెడ్డదని దానికెలా తెలిసింది? నిజంగా నా చేతిలో ఏమైనా ఉందా, రూఫస్? ఇన్నాళ్లూ నమ్మలేదు. ఈమధ్య అన్నం కలుపుతూ చెయ్యి చూసుకుంటున్నాను.

అక్క


చెన్నై,
ఏప్రిల్ మొదటి వారం.

అక్కా,

నీ ఉత్తరం అందిన వెంటనే బావకీ, ఆనందబాబు గారికీ ఫోన్ చేశాను. యాప్ నమ్మొద్దు, కాలువ నీళ్లు గుంటల్లోకి రాకుండా తూము మూసెయ్యండి, రొయ్యను ల్యాబ్‌కి పంపండి అని చెప్పాను. అది నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. నీ ప్రశ్నకి జవాబు మాత్రం ఫోన్లో చెప్పేది కాదు, అందుకే రాస్తున్నాను.

నీ చేతిలో ఏమీ లేదు. తప్పంతా నా చేతిలో ఉంది.

యాప్ ఒక నిర్ణయానికి వచ్చినప్పుడు, ఫొటోలో ఎక్కడ చూసి ఆ మాట అన్నదో రంగు పూసి చూపించే పద్ధతి ఒకటి ఉంది. ముందే చెయ్యాల్సిన పని. అంతా సవ్యంగా ఉందని చెయ్యలేదు. నీ ఉత్తరం చదివాక చేశాను. నువ్వు పంపిన జబ్బు రొయ్యల ఫొటోలు ఒక్కొక్కటే తెరిచాను. రొయ్య మీద రంగు లేదు అక్కా. రంగంతా నీ వేళ్ల మీద ఉంది. నీ బొటనవేలి కింద, అరచేతి గీతల మీద ఉంది. అది రొయ్యను చూడనే లేదు.

ఎందుకో నీకు అర్థమయ్యే ఉంటుంది. నువ్వు మొదటి ఉత్తరంలోనే రాశావు, జబ్బువి చేతిలో, బాగున్నవి ట్రేలో అని. నేను చదివి, నవ్వుకుని, పక్కన పెట్టాను. రెండు గంపలు పోసి తేడా చెప్పమంటే అది తనకి తేలిగ్గా దొరికిన తేడా పట్టుకుంది. ఒక గంపలో చెయ్యి ఉంది, ఇంకో గంపలో లేదు. నేను దాచిపెట్టి పరీక్ష పెట్టినవీ నువ్వు తీసినవే, అందుకే అందులోనూ నెగ్గింది. జబ్బు రొయ్యను ట్రేలో పెట్టి చూపిస్తే అది బాగుందనే అంటుంది. ఆనందబాబు గారికి జరిగింది అదే.

జబ్బు రొయ్యను ముట్టుకోవడానికి మీ ఊళ్లో ఇంకొక్కరు చెయ్యి చాపి ఉంటే ఇలా అయ్యేది కాదు. అందరూ నీ ఒక్కదాని చేతిలోనే వేశారు. ఊరు నీ మీద వేసిన నిందనే యాప్ బట్టీ పట్టింది. దాన్ని నేను ప్రోగ్రాం రాసి, పచ్చా ఎరుపూ పూసి, తిరిగి మీ ఊరికే పంపాను.

సుధాకర్ గారికి చెప్పాను. ముందు, "సదస్సు అయ్యాక సరిచేద్దాంలే" అన్నారు. ఆయన చేతిలో ఆయన పెన్ను మూత పెట్టి ఫొటో తీశాను. పెన్ను మూతకి తెల్లమచ్చ జబ్బని ఎర్రగా వచ్చింది. విడుదల ఆగిపోయింది. బ్యానర్లు చుట్టి స్టోర్‌రూంలో పడేశారు. నా ఉద్యోగం ఉంటుందనే అనుకుంటున్నాను, లేకపోయినా ఇప్పుడు పెద్దగా తేడా తెలియనంత అలసటగా ఉంది.

ఒక పని చెయ్యి. బాగున్న రొయ్యను అందరి చేతుల్లోనూ పెట్టి ఫొటో తియ్యి. పాస్టరుగారితో సహా.

రూఫస్


తోటపల్లి గూడూరు,
ఏప్రిల్ చివర.

రూఫస్‌కు,

ఆనందబాబన్న గుంటకి తెల్లమచ్చేనని ల్యాబ్‌లో తేలింది. రొయ్య ఇంకా ఎదగకముందే వల వేసి పట్టుబడి పెట్టి అమ్మేశాడు. సగానికి సగం పోయింది. తూము ముందే మూయడంతో మా గుంట దక్కింది. ఆయన నన్ను చూసి తలదించుకున్నాడు. నీ మీద కోపంగా ఉన్నాడు, అది న్యాయమే. నువ్వే వచ్చి మాట్లాడు.

నువ్వు చెప్పిన పని చేశాను. అందర్నీ గట్టు మీదికి పిలిపించి, నీ ఉత్తరంలో ఆ ముక్క చదివి, మా గుంటలోంచి మంచి రొయ్యను తీసి, ముందు పాస్టరుగారి చేతిలో పెట్టాను. ఎరుపు. ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు, రొయ్య కిందపడింది. ఆనందబాబన్న చెయ్యి, ఎరుపు. మీ బావది, ఎరుపు. మా అత్త చీర కొంగుకి చెయ్యి తుడుచుకుని ముందుకొచ్చింది. "నాది చూడు మే. ఈ చేత్తో యాభై ఏండ్లుగా ప్రార్థన చేస్తా ఉండా" అంది. ఎరుపు. రెండోసారి తియ్యమంది. తీశాను.

"అయితే ఫోను చెడిపోయుండాది" అంది.

"మొన్న నా చేతికి ఎర్రగా వచ్చినప్పుడు చెడిపోలేదా అత్తా?" అన్నాను. ఇన్నేళ్లలో ఆమెకి ఎదురు చెప్పడం అదే మొదటిసారి. ఆమె నా వైపు చూడలేదు, తన చెయ్యే చూసుకుంటూ నిలబడింది.

అప్పుడు మీ బావ నోరు తెరిచాడు. "రేపట్నించి ట్రేలు ప్రేమే చూస్తాది. ఎవురన్నా ఏమన్నా అనాలంటే నాతో అనండి" అన్నాడు. అంత పొడుగు మాట ఆయన పెళ్లిలో ప్రమాణం చేసినప్పుడు కూడా అనలేదు.

నేను గెలిచాననుకుంటావేమో. అలా ఏమీ అనిపించలేదు. అందరూ వెళ్లాక గట్టు మీద కూర్చుండిపోయాను. ఇన్నేళ్లు మోసిన మాట అబద్ధమని తేలిస్తే, ఆ ఏళ్లు తిరిగి వస్తాయా? మర్నాడు ట్రేల దగ్గరికి వెళ్లాను.

అక్క


చెన్నై,
మే నెల.

అక్కా,

ఆదివారం వచ్చి ఆనందబాబు గారి ముందు నిలబడతాను. ఏమంటే అది పడతాను.

ఉద్యోగం ఉంది. యాప్ మొదటినుంచి మొదలుపెట్టాలి. మళ్లీ ఫొటోలు అడగడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ నిన్ను తప్ప అడిగేవాళ్లు లేరు. ఈసారి బాగున్న రొయ్యలు చేతిలో కావాలి, జబ్బువి ట్రేలో కావాలి. జబ్బు రొయ్యలు వేరేవాళ్ల చేతుల్లో కూడా కావాలి, అది మళ్లీ నీ చేతినే పట్టుకుని కూర్చోకుండా. ఈ చివరిది మీ ఊళ్లో కుదరదని తెలుసు. కుదరకపోతే నేనే వచ్చి నా చెయ్యి పెడతాను.

నీకు విసుగ్గా ఉంటే వద్దని రాయి. నేను నొచ్చుకోను.

రూఫస్


తోటపల్లి గూడూరు,
జూన్ చివర.

రూఫస్‌కు,

బాగున్నవాటి ఫొటోలు అందాయి కదా. ఇన్నేళ్లు రొయ్యల్లోనే బతికి, బాగున్న రొయ్యను చేతిలోకి తీసుకుని తీరిగ్గా చూడటం నాకిదే మొదలు. ఒళ్లంతా అద్దంలా ఉంటుంది, అది తిన్న మేత కూడా కనిపిస్తుంది. నా అరచేతి గీతలు దానిలోంచి కనిపించాయి. కాసేపు చూసి వదిలేశాను, ఎగిరి దూకి వెళ్లిపోయింది.

మా పట్టుబడి అయిపోయింది, బాగానే వచ్చింది. వచ్చేవారం కొత్త సీడ్ వదులుతాం. సంచి ఎవరు విప్పాలో ఇంట్లో ఇంకా ఎవరూ మాట్లాడలేదు. నేను కూడా అడగలేదు.

జబ్బువాటి కోసం కాలువ అవతలి గుంటకి వెళ్లాను, అక్కడ మొన్న తెల్లమచ్చ తగిలింది. ట్రేలో ఉన్నవాటిని తీశాను. నీకు వేరేవాళ్ల చెయ్యి కావాలన్నావు కదా, ఆ గుంటవాళ్లని అడిగాను. నవ్వి పక్కకి జరిగారు. మీ బావ మేత తేవడానికి ముత్తుకూరు వెళ్లాడు. సరే, నువ్వు మళ్లీ వచ్చినప్పుడు చూద్దామని ఫోన్ లోపల పెట్టుకోబోతుంటే, మా అత్త గట్టు మీద నడుచుకుంటూ వస్తోంది. మోకాళ్ల నొప్పితో చర్చికి కూడా ఆటోలో వెళ్లే మనిషి. వేరేవాళ్ల చెయ్యి కావాలని నేను మీ బావతో అనడం విన్నట్టుంది.

వచ్చి, నా ఎదురుగా నిలబడి, చెయ్యి చాపింది. "నా చేతిలో ఎయ్యి" అంది.

"అది జబ్బుది అత్తా" అన్నాను.

"కండ్లుండాయి నాకు. ఎయ్యి. ఎన్నాళ్లని నీ ఒక్కదాని చెయ్యే పెడతావు?"

నేను కదల్లేదు. ఆమెకి కోపమొచ్చింది. "తొందరగా తియ్యి మే, చల్లంగా జారతా ఉండాది, కాళ్లు పీకతా ఉండాయి" అంది, నేను ఇంకా రొయ్యను వెయ్యకముందే. వేశాను. ఆ గుంటవాళ్లంతా చూస్తుండగా, మచ్చలు కనబడేట్టు తనే వెలుతురుకి తిప్పి పట్టుకుంది. ఇంటికొచ్చాక బ్లీచింగ్ నీళ్ల బకెట్టులో ఇద్దరం చేతులు పెట్టి కడుక్కున్నాం. క్షమించమని ఆమె అనలేదు, నేనూ ఎదురుచూడలేదు.

ఆ ఫొటో నీకు పంపాను. కొంచెం మసకగా ఉంటుంది. కదిలింది ఆమె చెయ్యి కాదు, నాది. పనికిరాకపోతే చెప్పు, మళ్లీ అడుగుతాను.

అక్క
ప్రేమలీల